ఓరుగల్లు బిడ్డ పరుగు

ఓరుగల్లు పేరు వినగానే కాకతీయుల కోటయు, వేయిస్తంభముల గుడియు, రుద్రమదేవియు మనకు స్ఫురించుట సహజము. చరిత్ర యనిన రాజుల చరిత్రయే యని మనలో పెక్కుమంది తలంతురు. కాని కూలిపని చేసికొని బ్రతుకు కుటుంబములో పుట్టిన యొక బాలిక పరుగునకును చరిత్ర కలదు. నేడు దానిని గూర్చి ముచ్చటించుకొందము.

వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామము జీవాంజి దీప్తి స్వస్థలము. ఆమె 2003వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన జన్మించెను. పుట్టుకతోనే బుద్ధివికాసమున కొంత వైకల్య ముండుటచే, ఊరిలో కొందరామెను గేలిచేసిరి. బిడ్డను అనాథాశ్రమమున విడువుడని చెప్పినవారును కలరు. తల్లిదండ్రులు ఆ మాటలను చెవిని బెట్టలేదు. ఉన్న అర ఎకరము నేలను అమ్ముకొనిన దినములలోను బిడ్డను వదలుకొనలేదు. బడిలో ఆమె పరుగును వ్యాయామోపాధ్యాయుడు గుర్తించెను. పిమ్మట హైదరాబాదులో నాగపురి రమేశ్ గారు శిక్షణ నిచ్చిరి.

ఇచట కొంచెము వెనుకకు పోయి ప్రపంచ చరిత్రను చూడవలసియున్నది. 2000వ సంవత్సరమున సిడ్నీలో జరిగిన పారాలింపిక్ క్రీడలలో, బుద్ధివైకల్యము గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిను జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టులోని 12 మందిలో 10 మందికి ఎట్టి వైకల్యమును లేదని తరువాత బయటపడెను. మోసము చేసినవారు కొందరు. శిక్ష పడినది మాత్రము ఆ తరగతి వారందరికిని. ఏథెన్సులోను, బీజింగులోను వారికి పతకపు పోటీలు లేకపోయెను. దీప్తి పుట్టిన నాటికి ఆ ద్వారము మూసియున్నదన్నమాట. 2012లో లండనులో అది తిరిగి తెరువబడెను. టీ20 అను ఈ తరగతి స్త్రీలకు 400 మీటర్ల పరుగు 2016లో రియో క్రీడలతో చేరెను.

ఈ పరుగు మైదానమునకు సరిగా ఒక చుట్టు. మొదటనే బలమంతయు వెచ్చించిన చివరి వంద మీటర్లు గడువవు. దాచుకొనిన పోటీ చేజారును. ఎంత వేగము ఎప్పుడు వాడవలెనో తూచుకొనుటయే ఇందలి కిటుకు. ఆ తూకమే ఈ తరగతి వారికి మిక్కిలి కష్టము. కనుకనే గురువు ఓర్పుతో పదేపదే చేయించు అభ్యాసమునకు ఇచట అంత విలువ.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో దీప్తి 56.69 సెకనులలో పరుగెత్తి స్వర్ణము గెలిచెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున ప్రపంచ పోటీలలో 55.07 సెకనులకు గమ్యము చేరి, అమెరికా క్రీడాకారిణి బ్రియానా క్లార్క్ నెలకొల్పిన 55.12 సెకనుల ప్రపంచ రికార్డును దాటెను. ఆ యేడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకనులతో కాంస్యము పొందెను. ఆ పోటీలో స్వర్ణము 55.16 సెకనులకే దక్కినది. కోబేలో పరుగెత్తినట్లే పరుగెత్తియున్న స్వర్ణము ఆమెదే యగును! అంతకు ముందే ప్రాథమిక పరుగులో తుర్కియే దేశపు ఐసెల్ ఓండర్ 54.96 సెకనులతో దీప్తి రికార్డును చెరిపివేసెను. ఐనను పారాలింపిక్ పతకము నందిన భారతీయులలో బుద్ధివైకల్యము గల మొదటి క్రీడాకారిణి దీప్తియే. తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయల బహుమానమును, వరంగల్లులో ఇంటిస్థలమును, ఉద్యోగమును ప్రకటించెను. అర్జున పురస్కారమును ఆమెను వరించెను. 2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో రజతము గెలిచెను.

రికార్డులు నిలుచునవి కావు. నాలుగు నెలలైన నిండకముందే ఆమె రికార్డు పోయినది. నిలుచునది వేరొకటి కలదు. పనికిరాదని కొందరు త్రోసివేయజూచిన బిడ్డలో ఏ శక్తి యున్నదో, ఆమెను పరుగుగీత యొద్ద నిలిపిన తరువాతనే తెలిసినది. మన యూరి బడిలో వెనుక వరుసన మౌనముగా కూర్చున్న బిడ్డను గూర్చి మనము తీర్పు చెప్పుటకు ముందు, ఆ బిడ్డకు అట్టి గీత నొకదానిని చూపితిమా యని ప్రశ్నించుకొనుట మేలు.