షోలాపురపు నేతపేటలలో దిక్కులేని బిడ్డలు: నిర్ణయాధికార చరిత్ర

తల్లిదండ్రుల నీడ తొలగిన బిడ్డ యెవరి యింట పెరుగవలెను? ఆ సంగతి నిర్ణయించువా రెవరు? ఎవరి నడిగి నిర్ణయింతురు? ఈ మూడు ప్రశ్నలకు షోలాపురమునందు గడచిన నూటయేబది యేండ్లలో కాలమున కొక తీరున సమాధానము లభించినది. ఆ చరిత్రను సంగ్రహముగా విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇచ్చటి తెలుగు బడిలో ఉపాధ్యాయుడనై యున్నందున నీ విషయము నాకు గ్రంథములందే కాక తరగతి గదిలోను ఎదురైనది.

షోలాపురము పూర్వము బొంబాయి రాజధానిలో, నిజాము రాజ్యపు సరిహద్దు చెంతనే యుండెను. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములనుండి పద్మశాలీలు కుటుంబములతో తరలివచ్చి యిచ్చట మగ్గములు పాతుకొనిరి. 1874లో షోలాపుర నూలు, బట్టల మిల్లు కంపెనీ స్థాపింపబడిన పిదప ఈ వలస మరింత హెచ్చెను. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట మున్నగు చోట్ల వీథులకు వీథులే తెలుగు మాటలతో నిండినవి.

ఈ పేటలలో తొలినాట అనాథబాలుర విషయమున నిర్ణయము బంధువులదే. తల్లి పోయిన బిడ్డను అమ్మమ్మయో, మేనమామయో, పెదతండ్రియో చేరదీయుట వాడుక. తగవు వచ్చినచో కులపెద్దలు కూర్చుండి తీర్చుచుండిరి. ఆ తీర్పునకు కాగితము లేదు, ముద్ర లేదు. తీర్చువారికి ఆ యింటి మంచిచెడ్డలు ముందే తెలిసియుండుట దానిలోని గుణము. బిడ్డ భాష, తిండి, ఆచారము మారకుండుట మరియొక గుణము. అయితే దోషములును లేకపోలేదు. చేరదీసిన యింట కండెలు చుట్టుటకే బాల్యమంతయు వెచ్చించి బడి మొగము చూడని పిల్లలు కలరు. అట్టివారి మొర వినుటకు పెద్దలపై మరియొక పెద్ద లేడు. బిడ్డను అడుగుట యన్నమాట ఆనాటి వారికి తోచినదే కాదు.

బంధువులు సైతము నిలువలేని కాలములు వచ్చినవి. 1876-78, 1896-97, 1899-1900 సంవత్సరముల కరవులు ఈ జిల్లాను పీడించినవి. కరవు శిబిరములలో మిగిలిన పిల్లలు ప్రభుత్వమునకు సమస్యయైరి. షోలాపురమున పనిచేయుచుండిన అమెరికన్ మరాఠీ మిషనువారు కరవు బిడ్డలను పెక్కుమందిని చేర్చుకొనిరి. ఈ జిల్లాలోనిదే యగు పండరీపురమునందు 1875లో ప్రార్థనాసమాజమువారి పూనికచే శిశువులను కాపాడు గృహ మొకటి వెలసెను. లోకనిందకు వెరచి తల్లులు విడిచిన పసికందులను బ్రదికించుట దాని ప్రథమ లక్ష్యము. ఈ సంస్థలవలన అనేక ప్రాణములు నిలిచినవి. అయితే అచ్చట ఆలోచన ప్రాణమునుగూర్చియే. ఆ బిడ్డ యెవరివాడు, ఏ భాషవాడు అను విచారణకు ఆ యాపత్కాలమున తావు తక్కువ.

పిమ్మట వచ్చినది మూడవ తీరు. ఇందు ప్రభుత్వము విచారణ లేకయే నిర్ణయించెను. 1911 సంవత్సరపు నేరజాతుల చట్టము పదునేడవ విభాగమునందు, నేరజాతులని ప్రకటింపబడిన కులముల పిల్లలను, ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండనివారిని, తల్లిదండ్రులనుండి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలలలో నుంచుటకు ప్రభుత్వమునకు అధికార మీయబడినది. 1924 నాటి చట్టములోను అదియే నిలిచెను. బిడ్డ చేసిన తప్పు లేదు, తల్లి ఉపేక్ష చేసినట్లు ఋజువును అక్కరలేదు, పుట్టుకయే సాక్ష్యము. అట్టి జాతులవారి కొరకు షోలాపురమున ఏర్పడిన 'సెటిల్‌మెంటు' మన నేతపేటలకు దూరమైనది కాదు. అందలివారును ఈ యూరి మిల్లులలోనే పనిచేసిరి. మన పూర్వులు వారి ప్రక్కనే నిలిచి నూలు వడికిరి. 1952 ఆగష్టు 31వ తేదీన ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. షోలాపురమున ఆ పేటకు నేటికిని సెటిల్‌మెంటు అను పేరే నిలిచియున్నది.

ఇంచుమించుగా ఆ కాలముననే వేరొక ధోరణియు తలయెత్తెను. 1919-20 నాటి భారత కారాగార విచారణ సంఘము పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెనని సూచించెను. 1920లో మదరాసు, 1922లో వంగదేశము, 1924లో బొంబాయి బాలల చట్టములను చేసినవి. బిడ్డను సర్టిఫైడు పాఠశాలకు పంపుటయో, తగిన వ్యక్తి కొప్పగించుటయో న్యాయస్థానము నిర్ణయింపవచ్చును. దేశమంతటికి ఒకే చట్టము 1986లో వచ్చెను. అది 2000లోను, మరల 2015లోను మార్చి వ్రాయబడెను. ఇట్లు ఒకే రాజధానిలో ఒకే కాలమున ఒక బిడ్డను పుట్టుకచేతను, మరియొక బిడ్డను విచారణచేతను నిర్ణయించుట జరిగెను. ఈ భేదమును పాఠకులు గుర్తింపవలెను. మన నేటి చట్టము రెండవ మార్గమున పుట్టినది.

నేటి పద్ధతి యెట్టిదో తెలిసికొందము. 2015 నాటి చట్టము ననుసరించి ప్రతి జిల్లాలోను బాలల సంక్షేమ సమితి యుండవలెను. దాని కొక అధ్యక్షుడును నలుగురు సభ్యులును. అందొకరైనను స్త్రీ కావలెను. సంరక్షణ అవసరమైన బిడ్డ కనబడినచో ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో సమితి యెదుట నిలుపవలెను. సమితి యాజ్ఞపై సామాజిక కార్యకర్తయో, సంక్షేమాధికారియో ఇంటికి పోయి, ఇరుగుపొరుగులను విచారించి, పదునైదు దినములలో నివేదిక యీయవలెను. నాలుగు మాసములలో విచారణ ముగియవలెను. తుది నిర్ణయ సమయమున ముగ్గురు సభ్యులకు తక్కువ కాకుండ ఉండవలెను.

అప్పుడు సమితి యెదుట పెక్కు మార్గములుండును. బిడ్డను తల్లిదండ్రులకు తిరిగి యప్పగింపవచ్చును. బంధువులకు గాని, తగిన వ్యక్తికి గాని యీయవచ్చును. పోషక కుటుంబమున నుంచవచ్చును. బాలల గృహమునకు పంపవచ్చును. బాలల గృహము కట్టకడపటి మార్గమనియు, బిడ్డను కుటుంబమునకు చేర్చుటయే ప్రథమ లక్ష్యమనియు చట్టమే పలుకుచున్నది. పేదరికమే కారణమైనచో బిడ్డను తీసికొనుటకంటె ఇంటికి సాయము చేయుట మేలని దీని భావము. 2022 నాటి మిషన్ వాత్సల్య నియమములలో అట్టి బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయము విధింపబడినది. బీడీలు చుట్టియు, మరమగ్గములపై పనిచేసియు బ్రదుకు పేటలలో ఈ సూత్రము మిక్కిలి ముఖ్యమైనది.

అన్నిటికంటె గొప్ప మార్పు మరియొకటి కలదు. తగిన వయస్సు వచ్చిన బిడ్డ యిష్టమును సమితి విచారింపవలెను. కులపెద్దలు అడుగనిది, 1911 చట్టము అడుగనిది నేటి చట్టము అడుగుచున్నది. అయితే ఏ భాషలో అడుగవలెను? నేరారోపణ గల బాలురను విచారించు మండలి విధులలో, భాష తెలియని బిడ్డకు దుబాసీని సమకూర్చుట యెనిమిదవ విభాగమున స్పష్టముగా చెప్పబడినది. సంరక్షణ కోరు బిడ్డలను విచారించు సమితి విధులను తెలుపు ముప్పదవ విభాగమున నామాట వేరుగా లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమువారు దుబాసీల పట్టిక నుంచుకొనవలెనని 2016 నాటి నియమములలో మాత్రము కలదు. 1992లో భారతదేశ మంగీకరించిన అంతర్జాతీయ బాలల హక్కుల ఒడంబడిక యిరువదవ అధికరణమున, కుటుంబమునకు దూరమైన బిడ్డ విషయమున అతని భాషను, సంస్కృతిని గమనింపవలెనని యున్నది.

భాషచేత నేమగునో నే నెరిగిన యొక సంగతి చెప్పెదను. బిడ్డ యెవరో తెలుపుట చట్టవిరుద్ధము, అధర్మమును. కావున గురుతులు మార్చి వ్రాయుచున్నాను. ఒక బాలుని తల్లి గతించెను; తండ్రి మరమగ్గముల పనికి పరదేశము పోయి తిరిగి రాలేదు. బాలుడు 'చిన్నమ్మ' యొద్ద నుంటినని చెప్పెను. మరాఠీ నివేదికలో నది 'సావత్ర ఆయీ', అనగా సవతితల్లి యని వ్రాయబడెను. తండ్రి లేని యింట సవతితల్లి యొద్ద బిడ్డ యేల, గృహమునకు పంపుట మేలని తోచుట సహజము. బాలుడు మారుమాటాడక ఊరకుండినందున నన్ను పిలిపించిరి. "చిన్నమ్మ అంటే నీకు ఏమవుతది బిడ్డా?" అని యడిగితిని. "మా అమ్మ చెల్లె సార్" అనెను. మరాఠీలో నది 'మావశీ'.

వ్రాసినవారి యందు దురుద్దేశము లేదు. మన వాడుకలో సవతితల్లినిగూడ చిన్నమ్మ యనియే పిలుతురు. పినతండ్రి భార్యయు చిన్నమ్మయే. మూడు వరుసలకు మనకొక మాట. మరాఠీలో మూడు మాటలు. సమితి మరల విచారణకు ఆజ్ఞయిచ్చెను. పినతల్లి యగుటచేతనే యామె మంచిది యనియు, సవతితల్లి యైనచో చెడ్డది యనియు ఎవరును తలంపలేదు. ఇల్లు చూచిరి, బడి హాజరుపట్టిక చూచిరి, బిడ్డ నడిగిరి. పిదప పినతల్లికే యప్పగించిరి. ఆ బాలుడు మరునాడు బడికి వచ్చి తన పాత చోటనే కూర్చుండెను.

ఈ చరిత్రవలన తేలునది యిది. నిర్ణయాధికారము కులపెద్దలనుండి సంస్థలకు, సంస్థలనుండి రాజ్యమునకు, రాజ్యమునందును అధికారినుండి సమితికి మారినది. చేతులు మారినంత మాత్రమున న్యాయము సిద్ధింపదు. బిడ్డను అడుగుటయందు, అతడు చెప్పినది చెప్పినట్లు వినుటయందు న్యాయము కలదు. తెలుగు, మరాఠీ రెండును వచ్చిన ఉపాధ్యాయుల పేర్లను మన సంఘమువారు పట్టికగా కూర్చి జిల్లా బాలల సంరక్షణ విభాగమున కందజేయుదురు గాక. బంధువాచక పదములను రెండు భాషలలో నెదురెదురుగా వ్రాసిన చిన్న పత్రము నొకదానిని దానికి జతపరచుదురు గాక. ఆ పత్రమును సిద్ధపరచుటకు ఈ వ్యాసకర్త సంసిద్ధుడై యున్నాడని సవినయముగా మనవి.