గెలుపు పూచీకత్తు కాదు

1939 జూన్. లండన్‌లో పచ్చిక కోర్టుల మీద టెన్నిస్ పోటీలు జోరుగా సాగే కాలం. వింబుల్డన్‌కు ముందు క్వీన్స్ క్లబ్‌లో జరిగిన పోటీ ఫైనల్లో ఇద్దరు ఎదురుపడ్డారు. ఒకరు జర్మనీకి చెందిన గాట్‌ఫ్రీడ్ ఫాన్ క్రామ్. మరొకరు లక్నో పక్కనున్న మలీహాబాద్‌లో పుట్టిన గౌస్ మహమ్మద్.

గౌస్! బాగ్దాదు గౌసె ఆజం మీది భక్తితో మన ఇళ్లలో పిల్లలకు పెట్టుకునే పేరు. గ్యార్మీ చేసే ప్రతి గడపకూ తెలిసిన పేరు. ఆ పేరుగల మనిషి పాలకుల రాజధానిలో, పాలకుల ఆటలో ఫైనల్ దాకా వెళ్లాడు. అప్పట్లో మన దేశంలోని తెల్లవాళ్ల క్లబ్బులు చాలా వాటిలో భారతీయులకు సభ్యత్వం లేదు. ఆ ఆట క్రామ్ గెలిచాడు. కొద్దిరోజులకే వింబుల్డన్‌లో గౌస్ క్వార్టర్ ఫైనల్ చేరాడు. అక్కడిదాకా వెళ్లిన తొలి భారతీయుడిగా ఆయన పేరే చెబుతారు. ఆయన్ని ఓడించిన అమెరికన్ బాబీ రిగ్స్ ఆ ఏడు సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మూడూ గెలిచాడు.

మరి క్రామ్ ఏమయ్యాడు? 1935, 36, 37 మూడేళ్లూ వరసగా వింబుల్డన్ ఫైనల్ ఆడినవాడు. జర్మనీకి అంత పేరు తెచ్చినవాణ్ణి 1938లో నాజీ ప్రభుత్వం స్వలింగ సంబంధం నేరమని జైల్లో పెట్టింది. బయటికొచ్చి క్వీన్స్‌లో రిగ్స్‌ను 6-0, 6-1తో, ఆ తర్వాత గౌస్‌ను ఓడించాడు. అయినా ఆ ఏడు వింబుల్డన్‌లో ఆయన ఆడలేదు.

అంతకుముందు డానియల్ ప్రెన్ సంగతి ఇంకా చేదు. ప్రెన్ యూదుడు. 1932లో బెర్లిన్‌లో బ్రిటన్ మీద డేవిస్ కప్ పోటీ చివరి ఆటకు వచ్చింది. చివరి సెట్టులో 2-5తో వెనకబడి కూడా ప్రెన్ ఫ్రెడ్ పెర్రీని ఓడించాడు. జర్మనీని గెలిపించాడు. ఏడాది తిరగలేదు. 1933 ఏప్రిల్‌లో యూదులకు జర్మనీ జట్టులో చోటు లేదని అక్కడి టెన్నిస్ సమాఖ్య తీర్మానించింది. ఓడిన పెర్రీ, తోటి ఆటగాడు బన్నీ ఆస్టిన్ నిరసన తెలుపుతూ లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. ప్రెన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. మనల్ని తరచూ ఒక ప్రశ్న అడుగుతారు: ఈ దేశానికి మీరేం చేశారు? క్రికెట్ మ్యాచ్ వస్తే ఇంకో ప్రశ్న: మీరెవరి వైపు? వెంటనే మనం పేర్ల జాబితా తీస్తాం. 1921లో ఇండియా తొలిసారి డేవిస్ కప్ ఆడినప్పుడు జట్టులో మహమ్మద్ సలీం, అథర్ అలీ ఫైజీ ఉన్నారంటాం. గౌస్‌ను చూపిస్తాం. హైదరాబాద్ అజహరుద్దీన్‌ను చూపిస్తాం.

ఆ పేర్లు నిజమే, గర్వమూ నిజమే. కానీ వాటిని పూచీకత్తుగా ఎందుకు పెట్టాలి? గెలుపే రక్షణ అయితే ప్రెన్ బెర్లిన్ వదిలేవాడు కాదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిన రోజు భారత క్రికెట్ జట్టు కెప్టెన్ అజహరుద్దీనే. ఆయన పరుగులు ఏ బస్తీకీ కాపలా కాయలేదు. ఆట రాని, పాట రాని, బీడీలు చుట్టుకునే, పంక్చర్లు వేసుకునే మనిషి ఏ జాబితా చూపించాలి? పుట్టిన నేల మీద హక్కును ఎవరూ ఆడి గెలవనక్కర్లేదు.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలైంది. 1940 నుంచి 45 దాకా వింబుల్డన్ జరగలేదు. 1940లో సెంటర్ కోర్టు మీద బాంబు పడింది. ఎవరు లోపల, ఎవరు బయట అని గీతలు గీసుకున్న ప్రపంచం తనను తానే కాల్చుకుంది. గౌస్‌కు 1971లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత ఆయన పేరు క్విజ్ పుస్తకాల్లో ఒక జవాబుగా మిగిలింది.

మన పిల్లలకు గౌస్ గురించి చెబుదాం. మనం ఈ దేశస్తులమని రుజువు చేయడానికి వద్దు. ఆయన బాగా ఆడాడు గనక చెబుదాం. మంచి ఆటగాడిని గుర్తుంచుకోవడానికి అంతకుమించిన కారణం ఎందుకు?