ఎర్ర గొంగళి పురుగు నేర్పిన పాఠం

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఒక పెద్ద చెరువు ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దిలో దానిని త్రవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. కాకతీయుల వంశక్రమాన్ని నిర్ణయించుటలో ఈ శాసనం చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారం. రైతుకు మాత్రం చెరువు చెప్పే చరిత్ర వేరు. కట్టకు గండి పడితే ఒకరి మడి కాదు, ఆయకట్టంతా ఎండుతుంది. కనుక చెరువు కింద సేద్యం మొదటినుండీ ఉమ్మడి పని.

మరి చెరువు నీరందని మెట్టచేల సంగతి ఏమిటి? అక్కడ ఎవరి చేను వారిది, ఎవరి నష్టం వారిది అని మనకు తోచవచ్చు. ఆ అభిప్రాయం సరికాదని జనగామ ప్రాంతపు రైతులకు ఒక పురుగు బోధించినది. అదే ఎర్ర గొంగళి పురుగు.

మేలైన సాగు పద్ధతులను పల్లె రైతుకు నేర్పే ప్రయత్నం మన దేశంలో 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకంతో విస్తరించినది. 1953లో జాతీయ విస్తరణ సేవ ఏర్పడి, గ్రామసేవకులు ఊరూరా తిరిగి విత్తనాలను గురించి, ఎరువులను గురించి చెప్పసాగినారు. 1960లో ఆరంభమైన ప్యాకేజి పథకానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో పశ్చిమ గోదావరి జిల్లాను ఎన్నుకొన్నారు. మంచి విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు అన్నీ కలిపి అందించుట దాని ఉద్దేశం. నీటి వసతి గల సీమలలో దిగుబడులు పెరిగినవి. ఈ మేలును కాదనలేము.

అయితే ఆ బోధనలో ఒక కొరత ఉండిపోయినది. ఇంత మందును ఇన్ని నీళ్ళలో కలిపి చల్లవలెనని చెప్పినంత శ్రద్ధగా, ఆ పురుగు ఎక్కడినుండి వచ్చినది, ఎప్పుడు వచ్చినది అన్న సంగతి చెప్పలేదు. క్రమంగా సలహా చెప్పేవాడు, మందు అమ్మేవాడు, అప్పు ఇచ్చేవాడు చాలా ఊళ్ళలో ఒక్కడే అయినాడు. దీని ఫలితం 1997-98లో వరంగల్లు జిల్లాలో కనిపించినది. పత్తి చేలపై లద్దెపురుగు విరుచుకుపడినది. ఎన్నిసార్లు చల్లినా చావలేదు. మందులకు తట్టుకొనే శక్తి పురుగులలో పెరిగి ఉన్నది. పంటపోయి, అప్పు మిగిలి, అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. కొందరు తాగినది పురుగును చంపుటకు తెచ్చిన మందునే.

ఇప్పుడు ఎర్ర గొంగళి పురుగు జీవితచరిత్రను చూద్దాం. ఆముదం, వేరుశనగ, అలసంద వంటి మెట్టపంటలకు ఇది శత్రువు. ఏటా తొలకరి వాన పడిన రెండుమూడు రోజులకు నేలలోనుండి తెల్లని రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ఒక్కొక్క ఆడపురుగు వందల కొలది గుడ్లు పెడుతుంది. కొద్ది రోజులలో గుడ్లు పగిలి పిల్లపురుగులు వెలువడి, ఆకులు తింటూ పెరుగుతాయి. ఎదిగిన పురుగు ఒంటినిండా దట్టమైన రోమాలుంటాయి; ఆ దశలో మందు దాని చర్మానికి సరిగా అంటదు. ఒక చేనిని తిని ముగించి, గుంపుగా పక్క చేనికి నడచిపోతాయి. పిమ్మట మట్టిలో దూరి, ప్యూపా దశలో మరుసటి తొలకరి వరకు నిద్రిస్తాయి.

ఈ కథ తెలిసినవానికి ఉపాయం కూడ తెలుస్తుంది. గొంగళి దశలో దానిని గెలుచుట కష్టం. ముందు దశలలో సులభం. వేసవిలో లోతుగా దున్నితే నేలలోని ప్యూపాలు పైకి తేలి ఎండకు మాడిపోతాయి, పక్షులకు ఆహారమవుతాయి. రెక్కల పురుగుకు వెలుతురు అంటే ఆకర్షణ. తొలకరి పడిన రాత్రులలో చేలగట్లపై మంటలు వేస్తే అవి గుడ్లు పెట్టకముందే మంటలో పడి చస్తాయి. మిగిలిన గొంగళ్ళు పక్క చేనికి దాటకుండ గట్టు వెంట కాలువ తీయవచ్చు. జిల్లేడు కొమ్మలు పరచి, వాటిపై చేరిన పురుగులను ఏరివేయవచ్చు.

కాని ఒక చిక్కు ఉన్నది. ఒక్క రైతు మంట వేస్తే ఏమవుతుంది? పక్క చేలలో పెట్టిన గుడ్లనుండి పుట్టిన పురుగులు నడచి అతని చేనికే వస్తాయి. అతని శ్రమ వృథా. అందరూ ఒకే రాత్రులలో వేస్తేనే ఫలితం. ఆలస్యమై, గుడ్లు పెట్టిన తరువాత వేసినా ప్రయోజనం లేదు.

1990ల దశకంలో స్వచ్ఛంద సంస్థలు తెలంగాణ మెట్టప్రాంత గ్రామాలలో ఈ పద్ధతిని ప్రచారం చేసినవి. జనగామ ప్రాంతంలో ఈ పనిని క్రాప్స్ అనే సంస్థ చేపట్టినది. లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనెబావి అనే చిన్న ఊరి రైతులు దీనిని అనుసరించినారు. ఒక పురుగు విషయంలో తమ కళ్ళతో చూసిన ఫలితం వారికి ధైర్యమిచ్చినది. పిదప ఇతర పంటలలో కూడ వేపగింజల కషాయం వంటివి వాడుతూ, పురుగుమందులను, ఆ తరువాత రసాయన ఎరువులను మానినారు. 2006లో ఆ ఊరు తన్ను తాను సేంద్రియ గ్రామంగా ప్రకటించుకొన్నది.

ఇట్టి అనుభవం మనకే పరిమితం కాదు. ఇండోనేసియాలో మందులు అతిగా చల్లినందున మిత్రకీటకాలు నశించి, వరిపై సుడిదోమ పెచ్చుపెరిగినది. 1986లో ఆ ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించినది. 1989 నుండి పొలంబడులు నడిపి, మడిలో దిగి పురుగులను లెక్కించి నిర్ణయించుకొనుట రైతులకు నేర్పినది.

ఏనెబావి చేసినదంతా ప్రతి ఊరూ ఉన్నదున్నట్లు చేయవలెనని దీని భావం కాదు. నేల, నీరు, పంట, పెట్టుబడి ఊరూరికీ వేరు. మంట సాధనం మాత్రమే. దాని వెనుక ఉన్న కారణం అసలు పాఠం. కారణం తెలిసిన రైతు ఎవరి దుకాణం ముందూ అమాయకుడుగా నిలబడడు.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని సులభంగా చూపవచ్చు. తొలకరి పడిన మరునాటినుండి పది రాత్రులు ఒక దీపం కింద పళ్ళెంలో నీళ్ళుంచి, పడిన పురుగులను తెల్లవారి విద్యార్థులచేత రకాలవారీగా లెక్కపెట్టించండి. అందులో మిత్రకీటకాలు కూడ ఉంటాయి, వాటినీ గుర్తింపజేయండి. ఏ రాత్రి ఎన్ని వచ్చినవో గోడపై వ్రాయించండి. ఆ లెక్క పిల్లలతో పాటు ఇంటికి చేరి, ఇంటినుండి చేనికి చేరుతుంది. బయ్యారం చెరువు కట్టవలెనే ఆ జ్ఞానం కూడ ఊరందరి చేతులతో నిలిచేదే.