ప్రొపెల్లరులో పగులు: కిట్టీ హాక్ నుంచి ఫోర్ట్ మయర్ దాకా

1903 నవంబరు చివరి రోజులు. నార్త్ కరొలైనా తీరాన కిట్టీ హాక్ సమీపంలో రైట్ సోదరులు తమ విమానాన్ని పరీక్షిస్తున్నారు. ప్రొపెల్లరును తిప్పే ఉక్కు గొట్టపు ఇరుసులో ఒక పగులు వారి కంటబడింది. చలి ముదురుతున్నా తొందరపడలేదు. నవంబరు 30న ఆర్విల్ డేటన్‌కు ప్రయాణమై, బోలు ఇరుసులకు బదులు గట్టి ఉక్కు కడ్డీ ఇరుసులు చేయించి, డిసెంబరు 11న తిరిగి వచ్చాడు. ఆ నెల 17న విమానం ఎగిరింది. ఆనాటి 12 సెకండ్ల ప్రయాణం అందరికీ తెలిసినదే. దానికి ముందు జరిగిన ఈ జాప్యాన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ.

ప్రొపెల్లరు అంటే గుండ్రంగా తిరిగే రెక్క అన్నది ఆ సోదరులు కనుగొన్న కీలకం. గాలి సొరంగంలో తాము సేకరించిన కొలతల ఆధారంగా, స్ప్రూస్ కర్ర పలకలను అతికించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లను చెక్కారు.

అయిదేళ్ళ తరువాత, 1908 సెప్టెంబరు 17న, వర్జీనియాలోని ఫోర్ట్ మయర్‌లో ఆర్విల్ అమెరికా సైన్యం ఎదుట విమానం నడుపుతున్నాడు. పక్కన లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ కూర్చున్నాడు. అంతకుముందే విమానానికి మునుపటికన్నా పొడవైన కొత్త ప్రొపెల్లర్లు అమర్చారు. గాలిలో ఉండగా వాటిలో ఒక బ్లేడు నిలువునా పగిలింది. రెండు బ్లేడ్ల తోపుడు సమంగా లేక ప్రొపెల్లరు అదిరింది. అది ఊగి, వెనుక చుక్కానిని పట్టి ఉంచే తీగకు తగిలింది. అదుపు తప్పిన విమానం నేలకు కూలింది. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. 26 ఏళ్ళ సెల్ఫ్రిడ్జ్ ఆ సాయంత్రమే కన్నుమూశాడు. ఇంజనుతో నడిచే విమానం కూలి మరణించిన మొదటి వ్యక్తి ఆయనే.

నేల మీద కనబడిన పగులుకు రెండు వారాల వ్యవధి దొరికింది. గాలిలో పుట్టిన పగులుకు క్షణాలే మిగిలాయి.

తరువాత కర్ర స్థానంలోకి లోహం వచ్చింది. సిల్వేనస్ ఆల్బర్ట్ రీడ్ రూపొందించిన లోహపు ప్రొపెల్లరుకు 1925 కాలియర్ ట్రోఫీ లభించింది. లోహం తేమకు ఉబ్బదు, నారవెంట చీలదు. కాని దానికి అలసట ఉంది. 76 అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 2,700 సార్లు తిరిగితే, దాని కొస గంటకు సుమారు 980 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. రన్‌వే మీది గులకరాయి తగిలి బ్లేడు అంచున చిన్న గాటు పడినా, బలమంతా ఆ గాటు అడుగున కేంద్రీకృతమై అక్కడినుంచి పగులు మొదలుకావచ్చు. బ్లేడు ముక్క ఊడితే, ఆ అసమతూకానికి ఇంజనే తన బిగింపులనుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. అందుకే చిన్న గాటును మెకానిక్కు తయారీదారు విధించిన పరిమితిలోపల ఆకురాయితో నునుపు చేస్తాడు. పగిలిన బ్లేడునయితే వాడకంనుంచి తొలగించవలసిందే.

సొంత విమానం నడిపేవారు ఎగిరే ముందు బ్లేడును కొసదాకా పరిశీలించేది ఇందుకే. ఆ పరిశీలనలోనూ జాగ్రత్త అవసరం. మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. దాని ఎర్తు తీగ తెగి ఉంటే, స్విచ్ ఆపి ఉన్నా, ప్రొపెల్లరును చేత్తో కొద్దిగా తిప్పినంతనే ఇంజను రాజుకోవచ్చు.

ఆర్విల్ కోలుకొని ఫోర్ట్ మయర్‌కు తిరిగి వచ్చాడు. 1909 ఆగస్టు 2న సైన్యం ఆయన విమానాన్ని స్వీకరించింది. సెల్ఫ్రిడ్జ్ సమాధి ఆ పక్కనే ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో ఉంది. వాషింగ్టన్ పరిసరాలలో నివసించే పాఠకులు వెళ్ళి చూడవచ్చు.