మూడు కొండలు, మూడు హెచ్చరికలు

ఈసారి మన ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్ కథ చెప్తాను. బోర్ అనుకుని స్కిప్ చేయకండి. ఇందులో నకిలీ వజ్రాలున్నాయి, పేలిపోయిన కొండలున్నాయి, వేలమంది ప్రాణాలున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక ప్రశ్న ఉంది. రాబోయే ప్రమాదం సైంటిస్టుకి ముందే తెలిస్తే సరిపోతుందా?

ఆ డిపార్ట్‌మెంట్ పేరు యునైటెడ్ స్టేట్స్ జియలాజికల్ సర్వే. అమెరికాలో అందరూ యూఎస్‌జీఎస్ అంటారు. మనకి 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఎలాగో, వాళ్ళకి అది అలాగ. 1879 మార్చి 3న పుట్టింది. అప్పట్లో దాని పని చాలా సింపుల్. పశ్చిమాన ఉన్న ప్రభుత్వ భూముల్లో ఏం ఖనిజాలున్నాయి, ఏ నేల దేనికి పనికొస్తుంది అని లెక్క తీయడం.

మొదటి డైరెక్టర్ క్లారెన్స్ కింగ్. ఈయనకి పేరొచ్చిందే ఒక మోసాన్ని బయటపెట్టి. 1872లో ఇద్దరు కజిన్స్ కలిసి ఒక మారుమూల నేలలో వజ్రాలూ కెంపులూ చల్లి, అది వజ్రాల గని అని పెద్ద పెద్ద డబ్బున్నవాళ్ళని నమ్మించారు. కింగ్ అక్కడికెళ్ళి చూస్తే, ఎవరో నేల కదిలించిన చోట మాత్రమే రాళ్ళు దొరుకుతున్నాయి. ముట్టుకోని చోట ఒక్కటీ లేదు. కథ అక్కడితో అయిపోయింది. కుర్చీలో కూర్చుని నమ్మడం కాదు, వెళ్ళి నేల తవ్వి చూడటం. ఆ సంస్థకి పునాది ఈ అలవాటే.

ఆ తర్వాత నీళ్ళు, మ్యాపులు, బొగ్గు, నూనె, భూకంపాలు, ఇలా పని పెరుగుతూ పోయింది. 1974లో వచ్చిన విపత్తుల చట్టంతో ఇంకో బాధ్యత మీద పడింది. భూకంపాలు, అగ్నిపర్వతాలు, కొండచరియల విషయంలో ప్రజల్ని ముందే హెచ్చరించాలి. ఇది రాళ్ళు లెక్కపెట్టడం లాంటిది కాదు. ఎందుకంటే రాయి మనతో వాదించదు, మనిషి వాదిస్తాడు.

ఇక మొదటి కొండ దగ్గరికి వద్దాం. వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ సెయింట్ హెలెన్స్. ఈ కొండ శతాబ్దం ముగిసేలోపే పేలొచ్చని యూఎస్‌జీఎస్ సైంటిస్టులు 1975లోనే రాశారు. పాత బూడిద పొరలు తవ్వి, ఏ పొర ఎప్పటిదో లెక్కకట్టి చెప్పిన మాట అది. 1980 మార్చిలో కొండ కింద భూకంపాలు మొదలయ్యాయి. మార్చి 27న ఆవిరి, బూడిద ఎగిశాయి. ఆ తర్వాత కొండ ఉత్తర వైపు ఉబ్బడం మొదలైంది. ఎంత అనుకుంటున్నారు? రోజుకి దాదాపు ఒకటిన్నర మీటరు. కొండ రోజూ ఒక మనిషి ఎత్తు దగ్గరగా బయటికి జరుగుతోందన్నమాట.

అక్కడికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద కాపలా పోస్ట్ పెట్టారు. అక్కడ కొన్నాళ్ళుగా కొలతలు తీస్తున్న కుర్రాడు హ్యారీ గ్లికెన్. అతనికి చదువు విషయంలో ఒక ఇంటర్వ్యూ ఉంది. వెళ్ళాలి. మే 17న అతని బదులు డేవిడ్ జాన్‌స్టన్ వచ్చాడు. వయసు 30. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

అప్పటికే జనంలో ఒత్తిడి మొదలైంది. మా ఇళ్ళు మేం చూసుకోవద్దా, ఎన్నాళ్ళు ఆపుతారు అని. శనివారం, అంటే మే 17న, కొంతమంది ఇళ్ళవాళ్ళని సామాన్లు తెచ్చుకోడానికి లోపలికి పంపారు. ఆదివారం ఉదయం 10 గంటలకి ఇంకో బృందం వెళ్ళాలి. వాళ్ళు వెళ్ళలేదు. ఆ ఆదివారం ఉదయం 8 గంటల 32 నిమిషాలకి 5.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, కొండ ఉత్తర భాగం మొత్తం జారిపోయింది. మూత తీసిన సోడా సీసాలా లోపలి ఒత్తిడి పైకి కాదు, పక్కకి పేలింది. జాన్‌స్టన్ రేడియోలో తన ఆఫీసుకి ఒక్క మాట చెప్పగలిగాడు, అంతే. అతని శరీరం ఇప్పటికీ దొరకలేదు. మొత్తం 57 మంది చనిపోయారు. కొండ ఎత్తు 400 మీటర్లు తగ్గింది.

57 అనేది చిన్న సంఖ్య కాదు. కానీ ఆ దారులు మూయకపోయి ఉంటే? కొండ చుట్టూ తిరిగే టూరిస్టులంతా అక్కడే ఉండేవాళ్ళు. హెచ్చరిక పనిచేసింది. కాకపోతే పేలుడు పక్కకి, అంత దూరం వస్తుందని ఎవరూ ఊహించలేదు.

ఇప్పుడు రెండో కొండకి వెళ్ళేముందు చిన్న పిట్టకథ. 1982లో కాలిఫోర్నియాలోని మామత్ లేక్స్ అనే టూరిస్ట్ ఊరికి అగ్నిపర్వత ప్రమాదం ఉండొచ్చని యూఎస్‌జీఎస్ నోటీసు ఇచ్చింది. ఊరికి కోపమొచ్చింది. స్థలాల రేట్లు పడిపోయాయి. కొండ మాత్రం పేలలేదు. ప్రమాదమొస్తే పారిపోడానికి కొత్తగా ఒక రోడ్డు వేశారు. కానీ టూరిస్టులు భయపడతారని దానికి మామత్ సీనిక్ లూప్ అని పేరు పెట్టారు. అంటే అందమైన దారి! నవ్వొస్తుంది కదా. కానీ నేనైతే ఆ ఊరివాళ్ళని తప్పు పట్టలేను. హెచ్చరికకి కూడా ఒక ఖర్చు ఉంటుంది, ఆ బిల్లు సైంటిస్టు కట్టడు, ఊరు కడుతుంది.

రెండో కొండ కొలంబియాలో ఉంది. పేరు నెవాడో డెల్ రూయిజ్. ఎత్తు 5,300 మీటర్లకు పైనే, నెత్తిన మంచు టోపీ. కింద లోయలో అర్మేరో అనే ఊరు. ఇక్కడ ఒళ్ళు జలదరించే విషయం చెప్తాను. 1845లో ఇదే కొండ నుంచి బురద వరద వచ్చి దాదాపు వెయ్యి మందిని చంపింది. ఆ ఎండిన బురద మీదే తర్వాత అర్మేరో లేచింది. 1985 అక్టోబర్‌లో కొలంబియా సైంటిస్టులు ప్రమాద మ్యాప్ తయారుచేశారు. అందులో అర్మేరో ప్రమాదపు రంగులోనే ఉంది. నవంబర్ 13న మధ్యాహ్నం బూడిద పడింది. కంగారు పడొద్దు, ఇళ్ళలోనే ఉండండి అని రేడియోలో, చర్చి మైకులో చెప్పారు. రాత్రి 9 దాటాక కొండ పేలింది. పేలుడు పెద్దదేం కాదు. కానీ మంచు కరిగి, బూడిదతో కలిసి, సిమెంటు కాంక్రీటు లాంటి బురదై లోయల్లో దిగింది. అర్మేరో చేరడానికి దానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. రెండున్నర గంటలు ఫ్రెండ్స్! పక్కనున్న ఎత్తు మీదికి నడిచి వెళ్ళినా బతికేవాళ్ళు. సుమారు 23,000 మంది చనిపోయారు.

మ్యాప్ ఉంది. టైమ్ ఉంది. లేనిదేంటి? ఇప్పుడే లేచి వెళ్ళండి అని చెప్పే గొంతు, అది విని నమ్మే జనం. మరుసటి ఏడాది, 1986లో, యూఎస్‌జీఎస్ అమెరికా విదేశీ సాయం శాఖతో కలిసి ఒక చిన్న బృందం పెట్టింది. ఏ దేశం అడిగినా పరికరాలు పెట్టెల్లో సర్దుకుని విమానమెక్కి వెళ్ళడమే వాళ్ళ పని.

మూడో కొండ ఫిలిప్పీన్స్‌లోని పినతుబో. సుమారు 500 ఏళ్ళుగా నిద్రపోతోంది. అది అగ్నిపర్వతమనే సంగతే చాలామందికి తెలీదు. చుట్టుపక్కల దాదాపు 10 లక్షల మంది ఉన్నారు, పక్కనే అమెరికా క్లార్క్ ఎయిర్‌బేస్. 1991 ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్ళు మొదలయ్యాయి. ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత సంస్థ డైరెక్టర్ రేముండో పునోంగ్‌బయాన్, ఆయన మనుషులు, యూఎస్‌జీఎస్ నుంచి క్రిస్ న్యూహాల్ బృందం కలిసి పనిలో దిగారు.

మే 13న కొండ నుంచి రోజుకి 500 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వస్తోంది. మే 28కల్లా 5,000 టన్నులు దాటింది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. తగ్గింది కదా అని మనం హాయిగా ఉంటాం. వాళ్ళకి చెమటలు పట్టాయి. పొయ్యి మీదున్న కుక్కర్ విజిల్ వేయడం మానేస్తే మీ అమ్మ ఏం అనుకుంటుంది? ఇరుక్కుపోయింది అనుకుంటుంది. అదే లెక్క.

కానీ అధికారులు ఎలా నమ్మాలి? గ్రాఫులు చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది? అప్పుడు ఉపయోగపడింది ఒక వీడియో. అర్మేరో తర్వాత ఫ్రాన్స్ అగ్నిపర్వత శాస్త్రవేత్త మారిస్ క్రాఫ్ట్ తీసిన ఫిల్మ్. వేడి మేఘం ఎలా దొర్లుకుంటూ వస్తుంది, బురద ఊరిని ఎలా మింగుతుంది, అన్నీ కళ్ళముందు కనిపిస్తాయి. ఇంకా పూర్తి కాని ఆ కాపీనే అధికారులకీ, జనానికీ వేసి చూపించారు. చూసినవాళ్ళు మాట విన్నారు. ప్రమాద వలయం 10 కిలోమీటర్ల నుంచి 20, 30, చివరికి 40 దాకా పెంచుకుంటూ పోయారు. జూన్ 10న ఎయిర్‌బేస్ దాదాపు ఖాళీ అయింది. జూన్ 15న, సరిగ్గా తుపాను మీదికొచ్చిన రోజే, కొండ పేలింది. 20వ శతాబ్దంలోనే అతి పెద్ద పేలుళ్ళలో అదొకటి.

అందరూ బతకలేదు. తడిసిన బూడిద బరువుకి కప్పులు కూలి వందలమంది పోయారు. కొండ మీద బతికే ఏటా గిరిజనులు ఇళ్ళు వదిలి క్యాంపులకొచ్చి, అక్కడ తట్టు లాంటి జబ్బులతో పిల్లల్ని పోగొట్టుకున్నారు. ఇదీ చెప్పుకోవాలి. కొండ దగ్గర్నుంచి మనిషిని దింపడంతో పని అయిపోదు. అయినా హెచ్చరిక వల్ల కనీసం 5,000 మంది బతికారని యూఎస్‌జీఎస్ అంచనా.

ఆ ఫిల్మ్ తీసిన మారిస్ క్రాఫ్ట్ ఆ విజయం చూడలేదు. 12 రోజుల ముందు, జూన్ 3న, జపాన్‌లోని ఉన్జెన్ కొండ దగ్గర వేడి మేఘంలో భార్య కాటియాతో సహా చనిపోయాడు. ఆ రోజు పోయిన 43 మందిలో ఇంకో పేరుంది. హ్యారీ గ్లికెన్. 11 ఏళ్ళ క్రితం సెయింట్ హెలెన్స్ దగ్గర ఒక్క రోజు తేడాతో బతికిన కుర్రాడు. జాన్‌స్టన్ తన బదులు పోయాడనే బాధతో, ఆ కొండ ఎలా జారిందో తేల్చడానికే ఏళ్ళు గడిపినవాడు.

నాకు ఈ చరిత్రలో అర్థమైంది ఒక్కటే. కొండ ముందే చెప్తుంది. దాన్ని విని మన భాషలోకి మార్చడానికి కొందరు ప్రాణం పెట్టారు. మిగిలింది మన వంతు. మొన్నామధ్య మన ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ మెసేజ్ వచ్చినప్పుడు, చాలామంది విసుక్కుని ఓకే నొక్కేశారు. ఇకముందు అలాంటిది వస్తే పూర్తిగా చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.