ఆరు రూపాల లెక్క

ఖతార్‌లో అధికార భాష అరబ్బీ. 2019లో వచ్చిన 7వ నంబరు చట్టం ప్రభుత్వ వ్యవహారాల్లో ఆ భాషను తప్పనిసరి చేసింది. ఇక దోహాలో యాప్ రాసే ప్రోగ్రామర్‌కు ఒక చిన్న వాక్యమే పెద్ద పరీక్ష: 'మీ ఖతార్ ఐడీ గడువు ఇంకా ఇన్ని రోజులు.'

ఇంగ్లీషుకైతే రెండు రూపాలు చాలు. అరబ్బీలో ఒక రోజంటే యౌమ్. రెండు రోజులకు యౌమాన్ అని విడిగా ద్వివచనం ఉంది, పక్కన అంకె కూడా అక్కర్లేదు. 3 నుంచి 10 దాకా బహువచనం అయ్యామ్. 11 దగ్గర మళ్ళీ ఏకవచనమే, కాకపోతే విభక్తి మారి యౌమన్ అవుతుంది. 99 దాకా అదే వరస. 100కి తిరిగి యౌమ్. 103 వస్తే చివరి మూడును బట్టి మళ్ళీ అయ్యామ్. సున్నాకు ఇంకో రూపం కలిపితే మొత్తం ఆరు.

ప్రోగ్రామ్‌లోని సందేశాలను విడి ఫైలులో పెట్టి అనువాదకుడి చేతికిచ్చే 'గెట్‌టెక్స్ట్' పద్ధతి 1990ల తొలినాళ్ళలో సన్ సంస్థలో మొదలైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గ్నూ వాళ్ళు 1995లో తమ సొంత గెట్‌టెక్స్ట్ విడుదల చేశారు. అయితే అంకె ఒకటా, కాదా అన్న తీర్మానం మాత్రం ప్రోగ్రామర్ దగ్గరే ఉండిపోయింది. అతను ఇంగ్లీషు చూసి రెండు దారులు వేసేవాడు, లేదా మాట చివర బ్రాకెట్లో ఒక 'ఎస్' తగిలించి ఊరుకునేవాడు. పోలిష్‌లో 12కి ఒక రూపం, 22కి మరొకటి. ఆ రెండు దారుల్లో అవి ఎక్కడ ఇముడుతాయి?

1999లో షాన్ బర్క్, జోర్డన్ లాక్లర్ 'ది పెర్ల్ జర్నల్'లో ఈ తంటాను ఒక కల్పిత కథగా రాశారు. ఇన్ని డైరెక్టరీలు వెతికాం అని చెప్పే ఒక్క వాక్యం మీద ఒక్కో భాష అనువాదకుడు ఒక్కో అభ్యంతరం పంపుతాడు, వాళ్ళలో అరబ్బీ అనువాదకుడూ ఉన్నాడు. ప్రతి భాషకూ దాని సొంత కోడ్ ఉండాలన్నది బర్క్, లాక్లర్‌ల పరిష్కారం. దాని పేరు మేక్‌టెక్స్ట్.

గ్నూ వాళ్ళు మరో దారి పట్టారు. 2000 నవంబరులో వచ్చిన వాళ్ళ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.2లో 'ఎన్‌గెట్‌టెక్స్ట్' చేరింది. దీనిలో ప్రోగ్రామర్ ఇంగ్లీషు ఏకవచనం, బహువచనం, అంకె ఇచ్చి తప్పుకుంటాడు. నియమం అనువాదకుడి ఫైలు తలభాగంలో ఒక్క వరుసలో ఉంటుంది. అరబ్బీ ఫైలులో ఆ వరుస ముందు రూపాలు 6 అంటుంది. తర్వాత అంకె 0, 1, 2లలో ఒకటేమో చూస్తుంది, కాకపోతే 100తో భాగించి శేషం 3-10 మధ్యా, 11-99 మధ్యా అని అడుగుతుంది. జవాబు 0 నుంచి 5 లోపు ఒక సంఖ్య. ఆ సంఖ్య గల గడిలోని వాక్యమే తెర మీదికొస్తుంది. ఆరు రూపాలను గుర్తించడం గొప్ప కాదు, అరబ్బీ వ్యాకర్తలకు అవి ఎప్పుడో తెలుసు. తీర్మానాన్ని కోడ్ లోంచి తీసి భాష తెలిసినవాడికి అప్పగించడమే అసలు ఆవిష్కరణ.

తర్వాత యూనికోడ్ వాళ్ళ భాషా సమాచార నిధి సీఎల్‌డీఆర్ ఈ రూపాలకు జీరో, వన్, టూ, ఫ్యూ, మెనీ, అదర్ అని పేర్లు పెట్టింది. ఆండ్రాయిడ్ యాప్‌లూ ఆ పేర్లే వాడతాయి. పేర్లను నమ్మి మోసపోకూడదు: 'ఫ్యూ' పోలిష్‌లో 2-4 వరసకు, అరబ్బీలో 3-10 వరసకు. అరబ్బీలో 100 'మెనీ' కిందికి రాదు, 'అదర్' కిందికి వస్తుంది.

సీఎల్‌డీఆర్ పట్టికలో తెలుగుకు రెండే గడులు, వన్, అదర్. రోజులకూ ఫైళ్ళకూ అవి సరిపోతాయి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మనం ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం, తెరేమో '2 మంది' అంటుంది. దీనికీ మార్గముంది. యూనికోడ్ వాళ్ళదే అయిన ఐసీయూ లైబ్రరీ సందేశ పద్ధతిలో రూపాల పేర్లతోపాటు '=2', '=3' అని నేరుగా అంకెకే వాక్యం రాసుకోవచ్చు. ఏడుగురి దాకా అలా రాసి, ఆపైన 'మంది'కి వదిలేస్తే చాలు. ఆ ఆరు వరుసలు అదనంగా రాసే ఓపిక తెలుగు అనువాదకుడికి ఉండాలి, రాయనిచ్చే పద్ధతిని ప్రోగ్రామర్ ఎంచుకోవాలి.