వాడ పనులకు పురపాలక నిధులు.. ప్రజల వాటా ఎక్కడ?

వీధి చివరి మురుగు కాలువ, రెండు వాడలను కలిపే సిమెంటు రోడ్డు, పిల్లలు కూర్చుని చదువుకునే కమ్యూనిటీ హాలు.. పురపాలక బడ్జెట్‌లో ఇవి చిన్న పద్దులే. ఏటా వానాకాలంలో మురుగునీరు గడప దాటి లోపలికి వచ్చే కుటుంబానికి మాత్రం వీటికన్నా పెద్ద పని లేదు. ఇలాంటి పనులకు పట్టణ పాలక సంస్థలు నిధులివ్వడం, వాటిలో స్థానికులను భాగస్వాములను చేయడం తెలుగునాట దాదాపు ఆరు దశాబ్దాలుగా సాగుతోంది. పథకాల పేర్లు ఎన్నో మారాయి. పనిని ఎంచుకునేదెవరు, పూర్తయ్యాక చూసుకునేదెవరు అన్న ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

హైదరాబాద్‌లో తొలి అడుగు

1967లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో పట్టణ సమాజాభివృద్ధి విభాగం మొదలైంది. యూసీడీగా పిలిచే ఈ విభాగం సిబ్బంది మురికివాడల్లో తిరిగి మహిళా మండళ్లను, యువజన సంఘాలను కూడగట్టారు. బాలవాడీలు, కుట్టు శిక్షణ వంటివి ఆ సంఘాల ద్వారానే నడిచాయి. 1980వ దశకంలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో హైదరాబాద్‌లోనూ, 1988 నుంచి విశాఖపట్నంలోనూ, 1990 నుంచి విజయవాడలోనూ మురికివాడల అభివృద్ధి పథకాలు అమలయ్యాయి. రోడ్లు, కాలువలు, వీధిదీపాలు వచ్చాయి. నిర్మాణం వరకు అంతా సజావుగా సాగినా, తర్వాతి నిర్వహణ పురపాలక సిబ్బందిదా, వాడ సంఘాలదా అన్నది చాలాచోట్ల తేలలేదు. పూడిక తీసేవారు లేని కాలువ ఎంత బాగా కట్టినా కొన్నాళ్లకే పనికిరాకుండా పోతుంది.

జన్మభూమి వాటా

వాడవాసులు వాటాధనం కడితేనే పని అన్న సూత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా తెలిసింది 1997 జనవరిలో ప్రారంభమైన జన్మభూమితోనే. సాధారణంగా పని విలువలో 30 శాతాన్ని ప్రజలు డబ్బుగానో, సామగ్రిగానో, శ్రమగానో సమకూర్చాలి. దళిత, గిరిజన వాడలకు ఈ వాటాలో సడలింపు ఉండేది. శ్రమను వాటాగా లెక్కించే పద్ధతి మనకే పరిమితం కాదు. అమెరికాలోని సియాటిల్ నగరం 1988లో ప్రారంభించిన వాడల నిధిలో కూడా స్థానికులు పనిచేసిన గంటలను వారి వాటాగానే పరిగణిస్తారు.

జన్మభూమిపై వచ్చిన ప్రధాన విమర్శ కూడా ఈ వాటా గురించే. అనేకచోట్ల ప్రజల పేరిట గుత్తేదారులే సొమ్ము కట్టి, దానిని పనిలో రాబట్టుకున్నారన్నది ఆ విమర్శ సారాంశం. అలా జరిగినచోట అది ప్రజల వాటా కాదు, సిమెంటులోంచి తీసిన వాటా. చేతినుంచి వంద రూపాయలు పెట్టినవాడు కాలువ దగ్గర నిలబడి ఇసుక పాలు అడుగుతాడు. ఏమీ పెట్టనివాడికి ఆ హక్కు ఉన్నా నోరు రాదు.

గుత్తేదారు లేని పనులు

1997 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన మరో దారి చూపింది. ఐదు లక్షల లోపు జనాభా గల పట్టణాల్లో వేతన ఉపాధి పనులను గుత్తేదారులకు అప్పగించరాదని, సామగ్రికి 60, కూలికి 40 నిష్పత్తిలో ఖర్చు చేయాలని నిబంధనలు పెట్టింది. ఇరుగుపొరుగు మహిళల బృందాలు, వాటిపై వాడ కమిటీలు, అన్నిటికీ పైన సీడీఎస్‌గా పిలిచే పట్టణస్థాయి సంఘం ఏర్పడ్డాయి. వాడలో ఏ కనీస సదుపాయం లేదో ముందుగా ఈ సీడీఎస్ జాబితా రాయాలి. 2013లో ఈ పథకం స్థానంలో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చింది.

ఎంపికలో నిక్కచ్చిగా వ్యవహరించిన పథకంగా చెప్పుకోదగినది, 2000వ దశకంలో బ్రిటన్ సాయంతో అమలై 2008లో ముగిసిన పట్టణ పేదల సేవల పథకం. లక్షకు పైబడిన జనాభా గల 42 పట్టణాలకు ఇది వర్తించింది. ప్రతి మురికివాడకూ పేదరికం ఎంత, సదుపాయాల కొరత ఎంత అని రెండు కొలతలు తీసి, రెండింటిలోనూ వెనుకబడిన వాడకు ముందు వరుస ఇచ్చారు. సిఫారసు ఉన్న వాడకు కాక, అవసరం ఉన్న వాడకు రోడ్డు వెళ్లే వీలు దీనివల్ల కలిగింది. పురపాలక సంఘం తన పన్ను వసూళ్లు, పద్దులు సరిచేసుకోవాలన్న షరతూ ఉండేది. పథకం ముగిసింది గానీ ఆ పట్టిక వేసే పద్ధతికి ఏ విదేశీ సాయమూ అక్కరలేదు.

తర్వాతి కాలంలో..

తెలంగాణలో 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలను, ఒక్కోదానిలో 15 మందిని నిర్దేశించింది. బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి ఈ కమిటీలతోనే మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నాటి ప్రభుత్వం గడప గడపకు కార్యక్రమంలో వచ్చిన వినతుల ఆధారంగా ఒక్కో సచివాలయ పరిధిలో రూ.20 లక్షల ప్రాధాన్య పనులు ప్రకటించింది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. వాడ అవసరాన్ని బట్టి వాడుకునే వెసులుబాటు మిగిలిన 40 శాతానికే.

అడగవలసిన తీరు

వాడ నుంచి వచ్చిన అర్జీపై ఇంజినీరింగ్ విభాగం అంచనా వేస్తుంది. అది పాలకమండలి అజెండాలోకి ఎక్కి తీర్మానమయ్యాకే టెండరు. చాలా అర్జీలు అంచనా దశలోనే నిలిచిపోతాయి. కమ్యూనిటీ హాలు అడిగేవారు ముందుగా స్థలం ఎవరిదో తేల్చుకోవాలి. నిధులున్నా స్థలం పత్రాలు లేక ఆగిన ప్రతిపాదనలు తక్కువేమీ కావు.

పని మొదలయ్యాక అంచనా ప్రతి, కొలతల పుస్తకం ప్రతి కోరే హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఉంది. పురపాలక కార్యాలయంలో దరఖాస్తు రుసుము రూ.10, జవాబుకు గడువు 30 రోజులు. ఇదే చట్టం పనిని స్వయంగా తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికీ అనుమతిస్తుంది. సిమెంటు రోడ్డు విషయంలో ఈ వెసులుబాటును వాడుకునేవారు అరుదు.